మరల చూడదగిన పాత బొమ్మలు: ‘మేక్ వే ఫర్ టుమారో’

హాలీవుడ్డు పాత బొమ్మలనగానే జ్ఞప్తికి వచ్చునవి కొన్ని గలవు. ‘గాన్ విత్ ది విండ్’లోని మంటలు, చాప్లిన్ చేతికఱ్ఱ, గ్రేటా గార్బో కనుబొమలు చిత్రములను చూడనివారికిని తెలిసినవే. ఈ మాసము మేము చెప్పబూనినది అంతటి పేరు పొందిన బొమ్మ కాదు. ఇందులో యుద్ధము లేదు, పడుచుజంట లేదు, కనులు మిఱుమిట్లు గొలుపు దుస్తులు లేవు. ఒక ముసలి దంపతులు, వారి యైదుగురు బిడ్డలు, ఇంటిమీది యప్పు: కథకు కావలసిన సామగ్రి ఇంతియే. 1937లో పారమౌంటు కంపెనీవారు విడుదల చేసిన ఈ చిత్రము పేరు ‘మేక్ వే ఫర్ టుమారో’. ‘రేపటికి దారి విడువుడు’ అని మనము చెప్పుకొనవచ్చును. దారి విడువవలసినవారెవరో పేరులోనే తెలియుచున్నది.

దర్శకుడు లియో మెకారీ. నవ్వించుట ఆయన వృత్తి. లారెల్, హార్డీలను జంటగా కూర్చి దిద్దినవారిలో ఆయన యొకడు. మార్క్స్ సోదరుల ‘డక్ సూప్’ కూడ 1933లో ఆయన తీసినదే. అట్టివాడు తన తండ్రి మరణించిన పిమ్మట ఈ కథ చేపట్టెను. దీనికి మూలము జోసెఫిన్ లారెన్సు అను రచయిత్రి నవల. తెరకు తగినట్లుగా కథను వ్రాసినది విన్యా డెల్మార్ అను మరియొక స్త్రీ. ఇంటిలోపలి సంగతులు ఇంత సూక్ష్మముగా చిత్రమున నిలుచుటకు ఇదియు నొక కారణమేమో యని మాకు తోచును.

కథాకాలమును గుఱించి ఒక మాట చెప్పవలెను. 1929లో అమెరికాలో వ్యాపారములు కూలిపోయి, బ్యాంకులు మూతపడి, లక్షలకొలది జనులు పనులు గోల్పోయిరి. వృద్ధులకు పింఛనులిచ్చు చట్టము 1935లో అచట పుట్టినది గాని, నెలనెల డబ్బు చేతికందుట 1940 జనవరి నుండియే మొదలైనది. ఆ నడుమనున్న ఏండ్లలో, కూడబెట్టుకొన్నది లేని ముసలివారికి రెండే దిక్కులు: బిడ్డల యిల్లు, లేదా వృద్ధుల శరణాలయము. చిత్రము సరిగా ఆ యేండ్ల నడుమ పుట్టినది.

మంచు కురిసిన యొక దినమున తల్లిదండ్రులు బిడ్డలను పిలిపించిరి. నలుగురు వచ్చిరి. అయిదవది, ఆడీ, కాలిఫోర్నియాలో నున్నది. చిత్రమంతయు ఆమె పేరు వినబడునే గాని మనిషి కనబడదు. తండ్రి బార్క్లే కూపరు లెక్కలు వ్రాయు గుమాస్తా. నాలుగేండ్లుగా ఆయనకు పని లేదు. ఇంటిమీది బాకీ తీరలేదు, బ్యాంకువారు ఇల్లు స్వాధీనము చేసికొనుచున్నారు. గడువు ఆరు నెలలిచ్చిరట. అందులో మిగిలినవి కొలది దినములే. అంతవఱకు బిడ్డలకు చెప్పకుండుట ఆ వృద్ధుని యభిమానము. బిడ్డలు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. ఇద్దరిని ఒకచోట నుంచుకొనుటకు ఎవరియింటను చోటు లేదు. తల్లి లూసీ న్యూయార్కులో కుమారుడు జార్జి యింటికి, తండ్రి దూరపుటూరిలో కుమార్తె కోరా యింటికి పోవలెనని తీర్మానమైనది. మరియొక కుమార్తె నెల్లీ, మూడు నెలలలో భర్తను ఒప్పించి ఇద్దరిని తానే తెచ్చుకొందునని మాట యిచ్చెను. ఆ మాట యేమైనదో మీరూహింపగలరు. ఏబదియేండ్లు ఒక కప్పు క్రింద కాపురము చేసినవారు ఆ విధముగా వేఱుపడిరి.

ఇట్టి కథలలో గయ్యాళి కోడలిని వెదకుట మన కలవాటు. సూర్యకాంతము గారు అత్తగా గొంతెత్తగానే, తప్పెవరిదో తేలిపోయి మన మనస్సు కుదుటబడును. ఈ చిత్రములో ఆ సౌకర్యము లేదు. జార్జి భార్య అనిటా (ఈ పాత్ర ధరించినది ఫే బెయింటర్) మంచి యిల్లాలు. భర్త జీతము చాలక, బ్రిడ్జి యను పేకాట నేర్పి నాలుగు డబ్బులు తెచ్చుచున్నది. శిష్యులు ఇంటికే వత్తురు. పాఠము జరుగు సాయంకాలము వారందరు బల్లలచుట్టు గూర్చుండి మాట్లాడక ఆడుచుండగా, అత్తగారు ఊగుకుర్చీలో కూర్చుండిరి. ఆ కుర్చీ కిఱ్ఱు కిఱ్ఱుమనుచున్నది. ఆమె లేచి ఒక్కొక్క బల్లవద్దకు పోయి ఆదరముతో పలుకరించుచున్నది. ఆమె చేసినది తప్పా? కాదు. కోడలికి విసుగు పుట్టుట తప్పా? అదియు కాదు. మొదటిసారి చూచునపుడు అత్తగారి కొఱకు మాత్రమే కన్నీరు వచ్చును. మరల చూడుడు. అతిథులయెదుట నవ్వు చెదరనీయక నిలుచుటకు అనిటా పడుపాటు కనబడును. ఇఱుకింటిలో ఆఱవ్రేలివలె ఒక మనిషి చేరినపుడు, ఎవరి దోషము లేకయే అందరికి ఊపిరాడకపోవుట ఎట్లో, ఆ పది నిమిషములలో మెకారీ చూపెను. అది మన యిండ్లలో తెలియనిది కాదు.

అపుడు టెలిఫోను మ్రోగినది. దూరమునుండి భర్త పిలిచినాడు. టెలిఫోనున కలవాటు లేని లూసీ బిగ్గరగా మాట్లాడుచున్నది. ఆట ఆగినది, కొందఱు నవ్వుకొనుచున్నారు. చలి యెట్లున్నది, ఆరోగ్యమెట్లున్నది యని ఆమె యడుగుచున్నది. పిమ్మట ఈ పిలుపునకెంత ఖర్చయినదని యడిగి, ఆ డబ్బుతో మెడకు చుట్టుకొను మంచి ఉన్నిగుడ్డ వచ్చియుండునుగదా యని నొచ్చుకొన్నది. గదిలో నవ్వులు క్రమముగా ఉడిగిపోయినవి. ఎవరును ఎవరి కన్నులలోనికి చూడలేకపోయిరి. వినరాని సంభాషణము విన్నామని వారికి తెలిసినది. ప్రేక్షకులమైన మనకును తెలిసినది. సంగీతము పెంచలేదు, ముఖములను పెద్దవిగా చూపి కన్నీరు పిండలేదు. ఒక స్త్రీ టెలిఫోను పెట్టివేసి తన కుర్చీకి తిరిగివచ్చెను, అంతియే.

మనుమరాలు రోడా సంగతి మరియు చిక్కైనది. పదునేడేండ్ల పిల్ల. తన గదిలో సగము నాయనమ్మకు పోయినది; గోడమీద తాతగారి పెద్ద పటము వచ్చి చేరినది. స్నేహితులు ఇంటికి వచ్చుట మానిరి. పిల్ల బయట తిరుగ నారంభించెను. బయటనొక పురుషుని కలియుచున్న సంగతి నాయనమ్మకు తెలిసెను గాని ఆమె బయటపెట్టలేదు. ఒక రాత్రి రోడా ఇంటికి రాలేదు. అత్తగారికి ముందే తెలిసియు తనకు చెప్పలేదని యెఱిగి అనిటా మండిపడెను. ఈ ఘట్టమున మీరెవరి పక్షము వహింతురు? పిల్ల నమ్మకమును కాపాడిన నాయనమ్మ పక్షమా, కూతురి క్షేమముకొఱకు తల్లడిల్లిన తల్లి పక్షమా? మేము రెండుమూడు మారులు చూచితిమి. మా తీర్పు అనిటా పక్షముననే యున్నది, కాని లూసీ తల వంచుకొని నిలుచుట చూచినప్పుడెల్ల ఆ తీర్పును పైకి చెప్పుటకు నోరు రాదు.

కోరా యింట తండ్రి పాటు వేఱు. ఆయనకు పడక లేదు, సోఫామీదనే నిద్ర. జలుబు చేసి జ్వరము వచ్చెను. వైద్యుడు వచ్చుచున్నాడనగానే కోరా తండ్రిని తొందర తొందరగా లేపి తన పడకగదిలో మంచముపై పండుకొనబెట్టెను. లోకము చూచునది మంచమునే గాని సోఫాను కాదు! ఈ చిత్రములో కఠినమైన మనిషి యెవరైనను ఉన్నచో ఆమె కోరాయే. ఆమెను తీర్చుటలో మాత్రము మెకారీ తరాసు కొంచెము మొగ్గినదని మా యభిప్రాయము.

ఆ యూరిలో బార్క్లేకు ఒక స్నేహితుడు దొరకెను. మాక్స్ రూబెన్స్ అను యూదు దుకాణదారు. కళ్లజోడు పగిలినందున భార్య వ్రాసిన ఉత్తరము తాను చదువుకొనలేక, బార్క్లే దానిని మాక్సుచేత చదివించుకొనెను. కొంత చదివి మాక్స్ ఆగెను. తరువాతి మాటలు భర్తకు మాత్రమే వ్రాసినవి. పరునినోట రాదగినవి కావు. ఉత్తరము మడిచి యిచ్చివేసెను. బార్క్లే పోయిన తరువాత, ఆ దుకాణదారు లోపలనున్న తన భార్యను పెద్దగా పిలిచెను. ఆమె వచ్చి ఎందుకనెను. పని యేమియు లేదు. ఆమె యున్నదని కన్నులార చూచుకొనుటకే పిలిచినాడు. ఒక నిమిషము పట్టని ఈ దృశ్యము చిత్రమంతటిలో మాకు మిక్కిలి ప్రియమైనది.

వైద్యుని మాట సాకుగా దొరికినది. వెచ్చని దేశమునకు పోవలెనని తండ్రిని ఆడీ వద్దకు, కాలిఫోర్నియాకు పంపుటకు ఏర్పాటయ్యెను. ఆడీ యింట తల్లికి చోటు లేదు. ఆమెను వృద్ధస్త్రీల శరణాలయమునకు పంపవలెనని జార్జి, అనిటా నిశ్చయించిరి. అక్కడినుండి వచ్చిన ఉత్తరము లూసీ కంటబడినది. తల్లికి ఎట్లు చెప్పవలెనో తెలియక కుమారుడు తడబడుచు గదిలోనికి రాగా, ఆమెయే ముందుగా మాట యందుకొని, తనకచటికి పోవలెనని యున్నదని, అనుమతి యడుగుచున్నట్లుగా చెప్పెను. కొడుకు నోట ఆ మాట రాకుండ కాపాడెను. బిడ్డలందరిలో నీవే నాకు ప్రియమైనవాడవని కూడ చెప్పెను. పిమ్మట ఒక్క కోరిక కోరెను: తాను శరణాలయములో నున్నట్లు తండ్రికి ఎన్నటికిని తెలియరాదు, జార్జి యింటనే యున్నదని ఆయన యనుకొనవలెను. భర్తవద్ద ఆమె దాచిన మొదటి రహస్యమిదియే. కుమారుడు అద్దము ముందు నిలిచి తన మొగము తాను చూచుకొను తీరు మీరే చూడవలెను. దానిని మేము వర్ణింపము.

ఇక కడపటి యపరాహ్ణము. రైలు వేళకు ముందు న్యూయార్కులో ఇద్దరికి కొన్ని గంటలు దొరకినవి. బిడ్డలు విందు సిద్ధపఱచి ఎదురుచూచుచున్నారు. వీరు మాత్రము చేతిలో చేయి వేసికొని వీధులు తిరిగిరి. కార్లమ్ము యువకుడొకడు వీరిని ధనవంతులనుకొని కారులో త్రిప్పి, కొనుగోలుదారులు కారని తెలిసిన పిమ్మటను కోపింపక, ఏబదియేండ్లక్రితము పెండ్లియైన క్రొత్తలో వీరు బసచేసిన హోటలు ముందఱ దింపెను. హోటలు అధికారి వచ్చి కూర్చుండి ముచ్చటలు విని, అతిథులుగా ఆదరించెను. పరాయివారందఱు వీరిని దంపతులుగా చూచిరి, బిడ్డలు మాత్రము బరువుగా చూచిరి. నాట్యశాలలో ఇద్దరు అడుగు పెట్టునప్పటికి క్రొత్తరకపు వడిగల సంగీతము మొదలయినది. వీరు తెల్లబోయి నిలిచిరి. వాద్యబృందపు నాయకుడు చూచి, చేసైగతో దానినాపి, పాతకాలపు వాల్ట్జు నెత్తుకొనెను.

భోజనపు బల్లవద్ద ఒక క్షణమున భర్త ముద్దిడుటకు దగ్గఱకు వంగగా, లూసీ మనవైపు, సరిగా తెరలోనుండి మనవైపు, ఒకసారి చూచి సిగ్గుపడి తొలగెను. నటులు కెమెరాను చూడరాదను నియమమును మెకారీ ఎందుకు తప్పించెనో మన స్త్రీలకు వేఱుగా చెప్పవలెనా? పదిమంది యెదుట భర్త చేయి తాకుటకే సంకోచించు పెద్దమ్మలు మన యింటింట నుండిరి.

బార్క్లే టెలిఫోనులో బిడ్డలకు విందునకు రామని చెప్పివేసెను. స్టేషనుకు పోయి వీడుకోలు చెప్పవలెనా యని బిడ్డలు తర్జనభర్జన పడి, వేళ మించనిచ్చిరి. తల్లిదండ్రులను ఒంటరిగా విడుచుటయే తాము చేయగలిగిన మేలని జార్జి గ్రహించెను. స్టేషనులో ఆ వృద్ధుడు, పని దొరకగానే నిన్ను పిలిపించుకొందునని చెప్పెను. దొరకదని ఆయనకును తెలియును, ఆమెకును తెలియును. ఒకవేళ మరల చూచుకొనలేకపోయినచో అని, పెండ్లికి ముందటి యింటిపేరుతో ఆమెను సంబోధించి, నీ పరిచయము నాకెంతో ఆనందమిచ్చినదని మర్యాదగా చెప్పెను. ఏబదియేండ్లలో ప్రతిదినమును బాగుగనే యున్నదని ఆమె బదులు చెప్పెను. రైలు కదలెను. ఆమె కొంతసేపు నిలిచి, ప్రక్కకు తిరిగెను. చిత్రము అక్కడ ముగిసినది.

ఈ ముగింపును మార్చుమని కంపెనీ అధిపతి అడాల్ఫ్ జ్యూకర్ కోరగా, మెకారీ ఒప్పుకొనలేదు. బొమ్మ ఆడలేదు. పారమౌంటువారు ఆయనను పనినుండి తొలగించిరి. అదే 1937లో ఆయన వేఱొక కంపెనీకి తీసిన నవ్వుల చిత్రము ‘ది ఆఫుల్ ట్రూత్’కు ఉత్తమ దర్శకుడుగా ఆస్కారు బహుమానము వచ్చినది. దానిని అందుకొనుచు, మీరు తప్పు చిత్రమునకిచ్చితిరి అని ఆయన సభలోనే చెప్పెను. కాలము గడచినకొలది ఆయన మాటయే నిలిచినది. ఈ బొమ్మ ఱాతిచేతనైనను కన్నీరు పెట్టించునని ఆర్సన్ వెల్స్ మెచ్చుకొనెను. జపానులో ఒజు తీసిన ‘టోక్యో స్టోరీ’ (1953) రచనలో పాల్గొన్న కోగో నోదా ఈ చిత్రమును చూచినవాడే. 2010లో అమెరికా జాతీయ చిత్రపట్టికలో దీనికి స్థానము దొరకెను.

నటీనటులను గుఱించి చెప్పక విడువరాదు. లూసీగా నటించిన బ్యూలా బాండీకి అప్పటికి ఏబది యేండ్లయినను నిండలేదు. ఆ నడక, ఆ నడుము వంపు, చేతుల నడగించుకొను తీరు అంతయు నేర్చినవిద్య. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946)లో జేమ్స్ స్టూవర్టు తల్లిగా మనకామె పరిచితురాలు. భర్తగా వేసిన విక్టర్ మూర్ నాటకరంగమున హాస్యగాడు. నవ్వించువారిని తెచ్చి ఈ కథలో నిలుపుటవలననే మాటిమాటికి నవ్వు వచ్చును. ఏడ్పు దాని వెంటనే తెలియకుండ వచ్చును.

మనవారు 1972లో చూచిన ‘బడిపంతులు’లో రామారావు గారు, అంజలీదేవి గారు కొడుకుల పంపకములో వేఱుపడిన దంపతులుగా మెప్పించిరి. 1958లో కన్నడమున వచ్చిన ‘స్కూల్ మాస్టర్’ దానికి మూలము. అందులో పంతులుగారి పూర్వశిష్యుడు ఆదుకొనును. ప్రేక్షకులు గుండె తేలికచేసికొని ఇండ్లకు పోవుదురు. అది మంచి చిత్రమే, ఆ యూఱటయు కోరదగినదే. మెకారీ మాత్రము ఏ శిష్యుని రానీయలేదు. ఆ యమెరికా బిడ్డలు తల్లిదండ్రులకు అన్నము పెట్టకపోలేదు, చేయి చేసికొనలేదు. వృద్ధుల పోషణకై 2007లో మనదేశమున వచ్చిన చట్టము వంటిది అక్కడ నున్నను, భరణమునకు సంబంధించినంతవఱకు వారిపై ఫిర్యాదు నిలువదు. వారు చేసినది ఇద్దరిని రెండుచోట్ల నుంచుట మాత్రమే.

అది నేడు మన యిండ్లలో ఎవరును తప్పనుకొనని యేర్పాటు. కూతురి పురిటికని తల్లి డాలసుకు పోవును. మందులు, ఇల్లు చూచుకొనవలెనని తండ్రి విజయవాడలోనో హైదరాబాదులోనో నిలుచును. ఆఱు నెలలు తిరిగి తల్లి వచ్చునప్పటికి, కొడుకు యింట పిల్లల బడి మొదలగును. టెలిఫోనులో ముఖము కనబడుచున్నది, ఖర్చు లేదు, ఉన్నిగుడ్డ లెక్క వేయనక్కఱలేదు. ఐనను, అమ్మను ఇచటికి, నాన్నను అచటికి అని బిడ్డలు పంచుకొనునపుడు, వారిద్దరిని ఒకమాఱు కూర్చుండబెట్టి అడిగినవారెందఱు? ఈ ప్రశ్న మాకు ఈ చిత్రము రెండవమాఱు చూచినపుడు తోచినది.

చిత్రము నిడివి గంటన్నర. డిస్కులలో ఆంగ్లపు వ్రాతతో సహా దొరకును కావున, మాటలు వేగముగా నున్నను అందుకొనవచ్చును. మొదటి యిరువది నిమిషములు నెమ్మదిగా సాగును. టెలిఫోను మ్రోగువఱకైనను లేవకుడు. వంట ముగించుకొని, ఇంట అత్తగారున్నచో ఆమెను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. బ్రిడ్జి ఆట నియమములు తెలియకపోయినను నష్టము లేదు. కుర్చీ చప్పుడు ఆమెకే ముందు వినబడును.